సేవ మీది పొల్లు

దొంగకు కూడా ఒక పద్ధతి ఉంటుంది. గోడ దూకుతాడు, కుక్కకు జడుస్తాడు, సొమ్ము పట్టుకుపోయేటప్పుడు కాస్తయినా వంగి నడుస్తాడు. సుశీల పుస్తకాలు ఎత్తుకుపోయినవాళ్ళు వంగలేదు సరికదా, పోతూ పోతూ ఒక తామరపువ్వు బొమ్మ పెట్టి, దాని కింద రెండు చేతులు జోడించి, "ఇన్నాళ్ళూ మాతో ప్రయాణించినందుకు ధన్యవాదాలు" అని రాసి మరీ పోయారు.

ఆ సంగతి ముప్పై మూడో రోజు పొద్దెక్కాక బయటపడింది.

సుశీల భర్త జయరావుకు కొంటా ఊళ్ళో హైవే పక్కన లారీ టైర్ల దుకాణం. ఎండాకాలంలో జాకీ జారి అతని కుడికాలు చక్రం కింద పడింది. భద్రాచలం ఆసుపత్రిలో నెలన్నర మంచం మీదే ఉన్నాడు. "ఈయన తన కాళ్ళతో నడిచి గడప దాటితే నలభై రోజులు పారాయణం చేస్తాను స్వామీ" అని సుశీల ఆసుపత్రి వరండాలోనే మొక్కుకుంది. జయరావు నడిచే వచ్చాడు, చేతికర్రతో. "కర్ర పట్టుకుని నడిస్తే నడిచినట్టేనా? నీ మొక్కు చెల్లుతదా?" అని గడప దగ్గరే పేచీ పెట్టాడు. "దేవుడి దగ్గర వకీలు మాటలు మాట్లాడకు, లోపలికి రా" అందామె.

ఆ పారాయణ గ్రంథంలో నలభై అధ్యాయాలు. రోజుకొకటి, సూర్యుడు రాకముందే, దీపం ముందు కూర్చుని చదవాలి. ఒక్క పొద్దు తప్పినా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలని సుశీల తల్లి చెప్పిన నియమం. తల్లి చేతి పుస్తకమైతే ఇప్పుడు లేదు. మూడేళ్ళ కిందట శబరి నది పొంగి ఇంట్లోకి వచ్చినప్పుడు ట్రంకుపెట్టెలో ఉన్న పుస్తకాలన్నీ అంబలి అయ్యాయి. అప్పుడే మేనకోడలు పూనం, "ఇగ నీళ్ళకు తడవని పుస్తకాలు కొనుక్కో అత్తా" అని ఫోన్లో 'నా అర' అనే యాప్ పెట్టించింది. ఒకటొకటిగా పదకొండు పుస్తకాలు కొంది సుశీల. నిజమే, అవి తడవలేదు.

ఆ రోజు తెల్లవారుజామున ముప్పై మూడో అధ్యాయం చదివింది. వంట ముగించుకుని, రేపటి అధ్యాయంలో నోరు తిరగని మాటలేమైనా ఉన్నాయేమో ఒకసారి చూసుకుందామని ఫోన్ తెరిచింది. అది ఆమెకు రోజూ ఉన్న అలవాటే. ఎనిమిదో తరగతి చదువుతో సమాసాలను లొంగదీసుకోవాలంటే ముందురోజే కసరత్తు చెయ్యాలి మరి. తెరిస్తే తామరపువ్వు వచ్చింది. పువ్వు మీద నొక్కితే మళ్ళీ పువ్వే. పదకొండు పుస్తకాల జాడ లేదు.

"ఏమయ్యా, ఒకసారి ఇటు రా. అర ఖాళీ అయింది" అని కేక పెట్టింది.

జయరావు కర్ర టకటకలాడిస్తూ వచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని ఆ పువ్వును అటూ ఇటూ చూశాడు. "పువ్వు పెట్టినరంటే పోయినట్టేనే" అన్నాడు. "పటానికి దండ వేసినట్టు."

అడుగున ఒక నంబరు ఉంది. సుశీల ఫోన్ చేసింది. "మీ సంతోషమే మా సంతోషం. తెలుగు కోసం ఏడు నొక్కండి" అని ఒక ఆడగొంతు పలికింది. నొక్కితే హిందీ పాట మొదలైంది. పాట అయిపోయాక మళ్ళీ అదే గొంతు, మళ్ళీ ఏడు, మళ్ళీ అదే పాట.

"వాళ్ళు ముందే చెప్పుతున్నరు గదనే, ఏడు అని" అన్నాడు జయరావు. "ఏడు మరి."

నాలుగో పాటకు ఒక మగమనిషి దొరికాడు. తాను 'పఠన మిత్రుణ్ణి' అని చెప్పుకున్నాడు. గొంతు నిండా వెన్న.

"మేడమ్, మా సంస్థ తెలుగు విభాగాన్ని ఈరోజుతో ముగించింది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం."

"చింతించు నాయనా, కాదనను. నా పుస్తకాలు ఇచ్చి చింతించు. పదకొండు కొన్న."

"మేడమ్, మీరు పుస్తకాలు కొనలేదు. పుస్తకాలు చదివే అనుమతి కొన్నారు."

సుశీల ఫోన్ చెవి నుంచి తీసి ఒకసారి దాని మొహం చూసి, మళ్ళీ చెవికి పెట్టుకుంది. "అనుమతి ఎవరు అడిగిన్రు? మీట మీద 'కొనండి' అని ఉండె. 'అనుమతి అడగండి' అని లేకుండె."

"అది కస్టమర్లకు సులువుగా అర్థం కావడానికి అలా రాశాం మేడమ్."

"సులువుగానే అర్థమైంది. అందుకే మోసపోయిన."

"మీ భావన మాకు అర్థమైంది మేడమ్."

"నా భావన సంగతి ఆ పైవాడు చూసుకుంటడు. రేపు పొద్దుగాల నాకు ముప్పై నాలుగో అధ్యాయం కావాలె. ఆ ఒక్కటైనా ఇయ్యి. తర్వాత మీ అర మీద పెద్ద తాళం వేసుకోండ్రి."

అవతల కాసేపు టకటక చప్పుడు. తరవాత వెన్న మళ్ళీ కరిగింది. "మేడమ్, శుభవార్త. మీ ఖాతాలో మూడు వందల అక్షర పుష్పాలు వేశాను. మా కిరాణా యాప్‌లో వాడుకోవచ్చు. ఒక్క నిమిషం... క్షమించండి, మీ పిన్‌కోడ్‌కు ఆ సేవ లేదు."

జయరావు ఫోన్ లాక్కుని, "ఆ పూలు మీ ఆఫీసు గుమ్మానికి కట్టుకోండ్రి, పీడ పోతది" అని పెట్టేశాడు.

వెటకారమాడాడే గాని అతనికీ నవ్వు రాలేదు. ఆ నలభై రోజులూ తన కాలికోసమే. ఇల్లాలు ముప్పై మూడు రోజులుగా ఉప్పు తగ్గించి, ఒంటిపూట తిని, చన్నీళ్ళు పోసుకుని లాక్కొచ్చిన మొక్కు, ఎక్కడో ఏసీ గదిలో కూర్చున్నవాడు పువ్వు బొమ్మ పెట్టి తెంపేశాడు. "శబరి నయమే" అన్నాడు. "ముందు రోజు మునాదీ వేయించి, డప్పు కొట్టించి, అప్పుడు వస్తది. పోయేటప్పుడు ఇంత ఒండ్రన్నా పెట్టి పోతది. వీళ్ళు పువ్వు పెట్టినరు."

సుశీల చెప్పులు వేసుకుంది.

పూనం బస్టాండు దగ్గర ఆన్‌లైన్ సేవల దుకాణం నడుపుతుంది. రేషన్ కార్డు, కుల ధ్రువపత్రం, కరెంటు బిల్లు, అన్నీ అక్కడే. సుశీల వెళ్ళేసరికి భీమే అప్పటికే బెంచీ మీద కూర్చుని ఉంది. భీమే దొర్ల తెగ మనిషి. బజారులో విస్తళ్ళు అమ్ముతుంది. ఈ ముప్పై మూడు రోజులూ చీకటితోనే వచ్చి, సుశీల వాకిట్లో స్తంభానికి ఆనుకుని పారాయణం విని, ఆ తరవాతే బజారుకు పోతోంది. ఇవాళ వడ్ల అమ్మకానికి పేరు రాయించుకోవాలని అడవి భూమి పట్టాను ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చుకుంది.

సంగతంతా విని పూనం నాలిక కరుచుకుంది. కంప్యూటర్లో ఏదో వెతికి, తల దించుకునే చెప్పింది.

"అత్తా, వాళ్ళు నెల కిందటే మెయిల్ పంపిన్రు."

"ఎవరికి?"

"నీకే. అంటే... దుకాణం మెయిల్‌కు."

"దుకాణం మెయిల్ నాదెట్లయితదే?"

"నీకు మెయిల్ లేకుండె గదా, మనదే పెట్టిన. నీకొక్కదానికేంది, కొంటాల సగం మందికి ఇదే మెయిల్. ఐదు వేల ఉత్తరాల అడుగున ఎక్కడో పడ్డది. చూడలే అత్తా, తిట్టు."

సుశీల తిట్టలేదు. పదకొండు పుస్తకాలు పోతాయని కబురు పంపడానికి వాళ్ళకు మెయిల్ ఒక్కటే తెలుసు గాని, అమ్మేటప్పుడు మాత్రం రోజుకు మూడుసార్లు ఫోన్ తెర మీద గంట మోగించేవారు. 'మీ కోసం కొత్త పుస్తకం' అని గంట. 'పండగ తగ్గింపు' అని గంట. మూసేసేటప్పుడు గంట తాడు తెగిపోయింది కాబోలు.

భీమే ఇదంతా విని అడిగింది. "అక్కా, నాకు తెలవక అడుగుత. పుస్తకం నీదేనా, కాదా?"

"చదువుకోవచ్చంట. నాది కాదంట."

"అమ్ముకోవచ్చునా?"

"అమ్మరాదు."

"ఓహో, నా పట్టా లెక్కనే" అంది భీమే, కవరు ఎత్తి చూపిస్తూ. "దున్నుకోవచ్చు. అమ్మరాదు. మరి నీ తర్వాత నీ బిడ్డకు వస్తదా?"

సుశీల పూనం వైపు చూసింది. పూనం షరతులు కిందికీ మీదికీ లాగి చూసి, రాదన్నట్టు తలూపింది.

"నాదొస్తది" అంది భీమే. ఆ మాటలో గర్వం కంటే జాలే ఎక్కువుంది. "నేను పోతే నా కొడుక్కొస్తది, కాగితంల రాసి ఉంది. సర్కారు అడవిల ఇచ్చిన నేలకున్న పాటి లేకపాయె, నువ్వు కొన్న పుస్తకానికి. మస్తు షావుకార్లు దొరికిన్రు నీకు."

పూనం ఆ పాత మెయిల్ పైకి చదువుతోంది. "ఈ నెలాఖరులోపు మీకు కావలసిన అధ్యాయాలను, అధ్యాయం చివర ఉన్న సేవ్ మీట నొక్కి... అత్తా, ప్రతి అధ్యాయం కింద సేవ్ ఉంటది గదా, ఎన్నడన్నా నొక్కినవా? నొక్కితే ఫోన్లోకి దిగుతది. ఒకసారి దిగితే వాళ్ళ తాత కూడా తీసుకపోలేడు."

"సేవ్ కాదే, సేవ" అంది సుశీల. "రోజూ చేస్తున్న గదా."

"ఏం చేస్తున్నవ్?"

"సేవ. మంగళం పాడినంక, అధ్యాయం కింద ఎర్ర రంగుల 'సేవ' అని ఉంటది. కుడిచేతి వేలుతో నొక్కి కళ్ళకద్దుకుంట. గుళ్ళె పాదుకలకు చేసినట్టు. ఎవరు పెట్టిన్రో గాని భక్తి ఉన్నోళ్ళు అనుకున్న."

పూనం కుర్చీ ముందుకు లాక్కుంది. తరవాత సుశీల ఫోన్ అందుకుని, ఏదేదో తెరిచి, బల్ల మీద పెట్టింది. వరసగా ఫైళ్ళు. ఒకటి, రెండు, మూడు... ముప్పై మూడు.

"అత్తా, అది 'సేవ' కాదు. వ మీద పొల్లు ఉంది. నువ్వు అద్దాలు పెట్టుకోలే, పొల్లు చూడలే."

"పొల్లా?" అని ఎగిరి పడింది భీమే. ఆమెకు తెలిసిన పొల్లు ఒక్కటే, వడ్లలో పట్టే తాలు. "పొల్లుంటే చెరిగి పారెయ్యకపోయినవా అక్కా?"

"చెరిగే చదివింది మా అత్త" అని పూనం పొట్ట పట్టుకుని నవ్వింది. సుశీలకు మొదట సిగ్గు ముంచుకొచ్చింది. తరవాత ఆమె కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముప్పై మూడు రోజులు దేవుడికి చేశాననుకున్న సేవ ఫోన్ కడుపులో ఫైళ్ళై కూర్చుంది. ఆ సంస్థవాళ్ళు మొత్తం మీద పెట్టిన ఒకే ఒక్క మంచి మీట ఇది. ఆ మంచితనం కూడా ఆమె చదువులో తప్పు వల్లే అక్కరకొచ్చింది.

నవ్వు ఆగాక అసలు సంగతి తట్టింది. ముప్పై మూడు ఉన్నాయి. చదివినవన్నీ ఉన్నాయి. చదవాల్సిన ఏడూ లేవు. ఆత్రం కలిగిన మనిషైతే మొదటి రోజే నలభై నొక్కేసేది, పుస్తకమంతా దక్కేది. నియమం పాటించినదానికి నియమం దాకానే దక్కింది.

"ఇదేం న్యాయం స్వామీ?" అనుకుంది సుశీల. కోపంతో కాదు, తెలుసుకుందామనే.

"అక్కా, పోనీ రేపు మొదటిదే మళ్ళా చదువు" అంది భీమే. "నేనేం అనుకోను. దేవుడు మాత్రం ఏమనుకుంటడు? ఒప్పుకుంటడు."

"ఒప్పుకుంటడే. ఆయన ఒప్పుకుంటడనే గదా అందరూ ఆయన దగ్గరే తూకం తగ్గిస్తరు" అంది సుశీల. "ఈ పువ్వు బొమ్మోడు నలభై అమ్మి ముప్పై మూడు చేతిల పెట్టిండు. రేపు నేను కూడా దేవుడికి అదే లెక్క చెప్పాల్నా? వానికీ నాకూ తేడా ఏముంటది?"

ఫైళ్ళను పైకి జరుపుతూ పూనం ఆగింది. "అత్తా, ముప్పై మూడు కాదు. ముప్పై నాలుగున్నయ్. మొదట్లో ఇంకొకటుంది."

అది అట్ట. మొదటి రోజు పుస్తకం తెరవగానే స్వామి బొమ్మ కనిపిస్తే, దానికీ సేవ చేసింది సుశీల. స్వామి బొమ్మ వెనకాల పేజీలో చిన్న అక్షరాలతో ఉంది: అచ్చువేసినవారి పేరు, రాజమండ్రిలో వీధి పేరు, ఫోన్ నంబరు.

ఇక్కడ ఏడు నొక్కమనలేదు. రెండో మోతకే ఒక ముసలి గొంతు "చెప్పండమ్మా" అంది.

సుశీల చెప్పింది. కాలు, మొక్కు, ముప్పై మూడు, పువ్వు, అన్నీ చెప్పింది. అంతా విని ముసలాయన గట్టిగా ఊపిరి వదిలాడు.

"మూసేశారా? మాకూ చెప్పలేదండి. చూశారా మరి. మేం మీకు అమ్మాం అనుకున్నాం, మీరు మా దగ్గర కొన్నాం అనుకున్నారు. మధ్యలోవాడు మీకు మమ్మల్ని చూపించి, మాకు మిమ్మల్ని చూపించి, పుస్తకం తన జేబులో పెట్టుకున్నాడు. వ్యాపారమంటే అదేనంటండి ఇప్పుడు. మా నాన్నగారు అచ్చేసిన పుస్తకం అది. గోడౌన్లో చెదలు తినగా ఓ పది కాపీలు మిగిలాయి. ఒకటి రేపు భద్రాచలం బస్సుకు వేయిస్తాను, మీ వాళ్ళెవరైనా అందుకోవాలి."

"రేపు పొద్దుగాలకే కావాలె అయ్యా. ముప్పై నాలుగు."

"అంతేకదా. ఫోటో తీసి పంపుతాను. నాకు సరిగ్గా రాదు, తిట్టుకోకండి. వెల సంగతి పుస్తకం అందాక చూద్దాం."

"కొన్నట్టేనా అయ్యా? నాదేనా?" అని అడిగింది సుశీల. అడిగాక ఆమెకే నవ్వొచ్చింది.

"పుస్తకం మీ చేతికొచ్చాక నేనొచ్చి లాక్కుంటానా తల్లీ? ఈ వయసులో అంత దూరం బస్సెక్కగలనా?" అన్నాడాయన.

ఫోన్ పెట్టాక సుశీల బెంచీ మీద గట్టిగా కూర్చుంది. "ఇగ వాళ్ళ సంగతి చూడు" అంది పూనంతో. పూనం వినియోగదారుల ఫిర్యాదు తెరిచి రాయడం మొదలుపెట్టింది. కొన్నప్పటి రసీదులు ఆ ఐదు వేల ఉత్తరాల్లోనే దొరికాయి. 'ఏమి నష్టపోయారు' అన్న గడిలో పూనం 'డిజిటల్ సేవలు' అని కొట్టింది.

"కొట్టెయ్యి. సేవలంట సేవలు. పుస్తకాలు అని రాయి. పదకొండు. కొన్నవి."

"'కొన్నవి' అని రాస్తే వాళ్ళు ఒప్పుకోరు అత్తా."

"ఒప్పుకోకుంటే మీట మీద మాట మార్చుకొమ్మను. 'అద్దెకు' అని రాసుకొమ్మను. 'మాకు బుద్ధి పుట్టినన్ని రోజులు' అని రాసుకొమ్మను. అప్పుడు ఎవడు నొక్కుతడో చూద్దాం. ఏం కావాలె అని అడిగితే పూలు వద్దని రాయి. పుస్తకాలన్నా, పెట్టిన పైసలన్నా."

పూనం రాసింది. ఒక ఫిర్యాదు నంబరు వచ్చింది. దాన్ని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి అత్త చేతిలో పెట్టింది, ఈసారి మెయిల్‌ను నమ్మకుండా. అంతలో సుశీల ఫోన్ మోగింది. తామరపువ్వు. 'మా పఠన మిత్రుడితో మీ సంభాషణ ఎలా ఉంది? నక్షత్రాలు ఇవ్వండి.'

"చుక్కలు అడుగుతున్నరు" అంది పూనం.

"పట్టపగలే చూపించిన్రు గదా మనకు" అంది భీమే. "మళ్ళా మనల్నే అడుగుతరేంది?"

సుశీల ఆ యాప్ తీసెయ్యమంది. పూనం వేలు పెట్టి కాసేపు అదిమితే పువ్వు వణికి మాయమైంది.

సాయంత్రానికి ఫోటోలు వచ్చాయి. తొమ్మిది పేజీలు. ఒకటి వంకర, ఒకదాని మీద కిటికీ ఊచల నీడ. జయరావు వాటిని వరసలో పెట్టించి, ఏ పేజీ తరవాత ఏది వస్తుందో పేజీల అంకెలు రెండుసార్లు పైకి చదివించుకుని సరిచూశాడు. "కాలు నాది, పరీక్ష నీకు" అన్నాడు. అతను అంతకుమించి మెత్తగా మాట్లాడటం సుశీల ఎరగదు.

మర్నాడు చీకటితోనే దీపం వెలిగింది. భీమే స్తంభానికి ఆనుకుంది. సుశీల ఈసారి అద్దాలు పెట్టుకుని కూర్చుంది. ముప్పై నాలుగో అధ్యాయం ముందురోజు కసరత్తు లేకపోయినా రెండు చోట్లే తడబడింది. మంగళం పాడింది. అలవాటు కొద్దీ కుడిచేతి వేలు తెర అడుగుకు పోయింది.

అక్కడ ఎర్రక్షరాలు లేవు. పేజీ ఎగిరిపోకుండా అదిమి పట్టిన ముసలాయన బొటనవేలు ఫోటోలో పడింది. గోరు చుట్టూ అచ్చుసిరా మరక.

సుశీల దాని మీదే వేలు ఆనించి, కళ్ళకద్దుకుంది.

"ఏందక్కా, మళ్ళా పొల్లా?" అంది భీమే చీకట్లోంచి.

"కాదే" అంది సుశీల. "ఇది గింజ."